పంటి ఎక్స్‌రే గదినీ తనిఖీ చేయండి

రంగారెడ్డి జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారి గారికి,

2008లో విమానాశ్రయం వచ్చాక శంషాబాద్ పెరిగింది, దంత వైద్యశాలలూ పెరిగాయి. వాటిలో తీసే ఎక్స్‌రే గురించే ఈ విన్నపం.

ఒక పంటికి తీసే ఎక్స్‌రేలో రేడియేషన్ చాలా తక్కువ. ప్రకృతి నుంచి ఒకటి రెండు రోజుల్లో మనకు ఎలాగూ అందేంతే. జనం దానికి భయపడి వైద్యం మానుకోకూడదు. నన్ను కలవరపెట్టేది నోట్లో పెట్టే సెన్సర్. పరికరాలను ఆవిరితో క్రిమిరహితం చేసే ఆటోక్లేవ్ వేడికి అది తట్టుకోదు. అందుకే ప్రతి రోగికీ కొత్త ప్లాస్టిక్ తొడుగు వేయాలి. తొడుగు తెలియకుండానే చిరగవచ్చు కాబట్టి, తీశాక సెన్సర్‌ను క్రిమిసంహారకంతో తుడవాలి కూడా. లేదంటే ఒకరి ఉమ్మి, నెత్తురు ఇంకొకరి నోటికి చేరవచ్చు. సెన్సర్‌ను పట్టి ఉంచే, వేడికి తట్టుకునే హోల్డర్‌ను ఆటోక్లేవ్‌లో పెట్టాల్సిందే. ఉమ్మి అంటిన గ్లౌజులతోనే ఎక్స్‌రే బటన్, కంప్యూటర్ మౌస్ ముట్టుకోవడం అక్కడక్కడా కళ్ళారా చూస్తున్నాం. ఇది క్షమించరానిది.

2004 నాటి అణుశక్తి రేడియేషన్ రక్షణ నిబంధనల కింద ఈ ఎక్స్‌రే యంత్రాలు అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) దగ్గర నమోదు కావాలి. ఆ నమోదు పత్రాన్ని రోగులకు కనబడేలా పెట్టించండి. పిల్లల నోట్లో ఫిల్మును గానీ సెన్సర్‌ను గానీ సిబ్బంది చేత్తో పట్టుకోవడం ఆపించండి. తనిఖీకి వెళ్ళినప్పుడు తొడుగుల పెట్టెనూ, ఆటోక్లేవ్ రిజిస్టరునూ అడిగి చూడండి. ముందుగా చెప్పకుండా వెళ్ళండి.

ఇట్లు,
శంషాబాద్ నివాసి