కాంతి పట్టులో రక్తకణం: మలేరియా పోరుకు ఎంతవరకు ఆసరా?

దేశంలో 2027 నాటికి స్థానిక మలేరియా కేసులను సున్నాకు తేవాలని, 2030 నాటికి వ్యాధిని నిర్మూలించాలని కేంద్రం లక్ష్యంగా పెట్టుకుంది. జ్వరం లేకుండానే పరాన్నజీవిని మోస్తున్నవారు ఈ దారిలో పెద్ద అవరోధం. ఛత్తీస్‌గఢ్‌లో 2020లో మొదలైన ‘మలేరియా ముక్త బస్తర్’ కార్యక్రమం ఇంటింటికీ వెళ్లి, జ్వరం లేనివారికీ పరీక్షలు జరపడానికి కారణమిదే.

బిలాస్‌పూర్ జిల్లా మస్తూరీలోనైనా, అల్లూరి జిల్లా మన్యంలోనైనా గ్రామస్థాయిలో వేగంగా ఫలితమిచ్చేది రక్తపు చుక్కతో చేసే కిట్ పరీక్షే. ఫాల్సిపేరం రకాన్ని ఇది ప్రధానంగా హెచ్‌ఆర్‌పీ-2 అనే ప్రొటీన్ ఆధారంగా గుర్తిస్తుంది. అయితే ఆ ప్రొటీన్ జన్యువే లేని పరాన్నజీవులు ఛత్తీస్‌గఢ్ సహా పలు రాష్ట్రాల్లో బయటపడ్డాయి. అటువంటి సందర్భాల్లో వ్యాధి ఉన్నా లేదన్న ఫలితం రావచ్చు.

ప్రొటీన్‌పై ఆధారపడని గుర్తు ఏదైనా ఉందా? పరాన్నజీవి చేరిన ఎర్రరక్తకణం మృదుత్వాన్ని కోల్పోయి బిగుసుకుపోతుంది. ఈ మార్పును కాంతితో కొలవవచ్చు. కటకంతో కేంద్రీకరించిన లేజర్ కిరణం సూక్ష్మకణాలను పట్టి నిలుపుతుందని బెల్ ల్యాబ్స్‌కు చెందిన ఆర్థర్ ఆష్కిన్ బృందం 1986లో నిరూపించింది. ఆ కృషికి ఆయన 2018లో నోబెల్ అందుకున్నారు. పట్టుబడిన పూస ద్వివక్రీభవన పదార్థంతో చేసినదైతే, కాంతి ధ్రువణాన్ని తిప్పినప్పుడు అది కూడా తిరుగుతుంది. దానికి అతికించిన డీఎన్‌ఏ పోగు మెలిపడుతుంది. న్యూటన్‌లో లక్ష కోట్లవ వంతు బలాన్ని సైతం ఈ పద్ధతిలో కొలుస్తున్నారు.

ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2004లో ఈ కాంతి వలలో ఎర్రరక్తకణాలను పరిశీలించారు. కణాలు తమంతట తాము తిరగడాన్ని, మలేరియా సోకిన రక్తంలో ఆ భ్రమణ తీరు వేరుగా ఉండటాన్ని వారు నమోదు చేశారు.

అయినా ఇది రేపే గ్రామానికి చేరే పరీక్ష కాదు. ఒక మైక్రోలీటరు రక్తంలో సుమారు 50 లక్షల ఎర్రకణాలుంటాయి. అందులో 100 పరాన్నజీవులే ఉంటే, 50 వేల కణాల్లో ఒక్కటే రోగగ్రస్తం. ఒక్కొక్క కణాన్నే పట్టి చూసే పరికరం ఆ ఒక్కదాన్ని వెతకలేదు. కణం ఎందుకు బిగుసుకుంటుందో, ఏ మందు దాన్ని సడలించగలదో తేల్చడంలోనే దీని విలువ.

అందువల్ల ప్రయోగశాల పరిశోధనకు నిధులు ఎంత అవసరమో, సూక్ష్మదర్శిని పరీక్షలను బలపరచడం, జన్యులోపాలపై నిఘా ఉంచడం అంతే అవసరం. జన్యులోపం వల్ల తప్పిపోతున్న కేసులు 5 శాతం దాటితే కిట్ మార్చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. ఆ లెక్క తేలాలంటే మారుమూల గ్రామాల నుంచి నమూనాలు క్రమం తప్పకుండా అందాలి.