రిపోర్టు కింద సంతకం

ఆపరేషన్‌ బల్ల మీద రోగి మత్తులో ఉన్నాడు. కణితి మొత్తం వచ్చేసిందా, అంచుల్లో ఏమైనా మిగిలిందా... సర్జన్‌కి తెలియాలి. చిన్న ముక్క తీసి ల్యాబ్‌కి పంపాడు. అక్కడ దాన్ని గడ్డకట్టించి, పల్చగా కోసి, రంగులద్ది మైక్రోస్కోపు కింద పెడతారు. సుమారు 20 నిమిషాల్లో కబురు రావాలి. 'లేదు' అంటే కుట్లు. 'ఉంది' అంటే మళ్లీ కత్తి. ఆ మాట చెప్పేది పాథాలజిస్టు. రోగికి ఆ డాక్టరు మొహం కూడా తెలీదు!

ఆ కుర్చీలో కూర్చోవాలంటే ముందు ఎంబీబీఎస్‌ చదవాలి. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్‌. ఆపైన నీట్‌ పీజీలో ర్యాంకు తెచ్చుకుని మూడేళ్ల ఎండీ పాథాలజీలో చేరాలి.

చేరగానే పలకరించేది ఫార్మలిన్‌ వాసన. థియేటర్‌ నుంచి వచ్చిన అవయవాన్ని కంటితో చూసి, కొలిచి, ఎక్కడ కోయాలో నిర్ణయించడం తొలి పాఠం. తప్పు చోట కోస్తే జబ్బు స్లైడు మీదికే రాదు. ముక్కని మైనంలో పోతపోసి 3 నుంచి 5 మైక్రాన్ల మందంలో కోస్తారు. తల వెంట్రుక మందంలో దాదాపు ఇరవయ్యో వంతు! రంగులద్దితే కణకేంద్రకం నీలంగా, మిగతాది గులాబీగా కనిపిస్తుంది. ఆ రెండు రంగుల్లోనే మంచీ చెడూ చదవాలి.

వీటితోపాటు రక్తపరీక్షలు, సూదితో తీసిన కణాల పరీక్ష, బ్లడ్‌ బ్యాంక్‌ పని. జిల్లా ఆసుపత్రిలో 3 నెలల సేవ. ఎథిక్స్‌ కమిటీ అనుమతితో ఒక అంశంపై పరిశోధన చేసి, థీసిస్‌ సమర్పించాలి. చివర్లో 4 థియరీ పేపర్లు, ప్రాక్టికల్స్‌, వైవా.

ఎండీ అంటే పీహెచ్‌డీ కాదు. పరిశోధనే జీవితం అనుకునేవాళ్లు ఆ తర్వాత పీహెచ్‌డీలో చేరొచ్చు. దానికి కనీసం మరో మూడేళ్లు. హెమటోపాథాలజీలాంటి విభాగాల్లో డీఎం కూడా ఉంది.

ఇంత చదివినా అనుమానం తీరని స్లైడు ఏదో ఒకరోజు ఎదురవుతుంది. ఉన్న క్యాన్సర్‌ని లేదంటే రోగికి కాలం మించిపోతుంది. లేనిదాన్ని ఉందంటే మంచి అవయవం పోతుంది. అందుకే మంచి పాథాలజిస్టు పక్కగదిలోని సీనియర్‌ని పిలిచి 'ఒకసారి చూస్తారా?' అని అడగడానికి మొహమాటపడరు.

ఈసారి బయాప్సీ రిపోర్టు చేతికొస్తే అడుగున ఉన్న సంతకాన్ని ఓసారి చూడండి. దాని వెనక కనీసం ఎనిమిదిన్నరేళ్ల చదువుంది!