మాట చెప్పినవాళ్లం, సాక్ష్యానికీ వద్దాం



మన పొన్నూరులో, నిడుబ్రోలులో మాటకు కరువు లేదు. శుక్రవారం మొదటాట వదిలేసరికి సినిమా జాతకం తేల్చేస్తాం. ఐపీఎల్‌లో చివరి ఓవర్ ఎవరి చేత వేయించాలో ధోనీకే చెప్పగలం. బిగ్‌బాస్ ఇంట్లో ఎవరు నటిస్తున్నారో, అమెరికావాడు సుంకాలు పెంచితే మన రొయ్యల రైతు గతేమిటో, అసెంబ్లీలో ఎవరు నోరు జారారో, అన్నిటి మీదా మనకో అభిప్రాయం ఉంది. ఉండాలి కూడా. నోరు లేని ఊరికంటే నోరున్న ఊరు వెయ్యి రెట్లు నయం. సినిమాలు మానేయండి, ఫోన్లు అవతల పారేయండి అని సుద్దులు చెప్పడానికి నేనీ నాలుగు ముక్కలు రాయడం లేదు. మొదటాట పిచ్చి నాకూ ఉంది.

నా బాధల్లా ఒక్కటే. ఇంత మాట్లాడే మనం, మాట అవసరమైన చోట కనపడం.

పొద్దున ఏడింటికి టీ బడ్డీ దగ్గర పదిమంది ఉంటారు. మొన్న ఒక పెద్దాయన ఫోన్‌లో వీడియో గట్టిగా పెట్టి, మధ్యమధ్యలో ఆపి, ఢిల్లీ రాజకీయమంతా విప్పి చెబుతున్నాడు. టీ అయిపోగానే కాగితపు కప్పు నలిపి వెనక్కి విసిరాడు. అది వెళ్లి కాలువలో పడింది. ఆ కాలువలో నీళ్లు కదలడం ఎప్పుడో మానేశాయి. కప్పులు, పాల ప్యాకెట్లు, గుట్కా కవర్లు పైదాకా పేరుకున్నాయి. ఆయనే కాలువ వంక చూసి, "ఈ ఊళ్లో ఎవడికీ పట్టదండీ" అన్నాడు. "ఎవరికైనా చెప్పావా బాబాయ్?" అని ఓ కుర్రాడు అడిగితే, "మనకెందుకులేరా" అని నవ్వేశాడు. చుట్టూ ఉన్న మేమందరం కూడా నవ్వాం. ఆ నవ్వే మన జబ్బు.

మనం ఎవరి ఊరివాళ్లమో ఒక్కసారి గుర్తు చేసుకోండి. సాక్షి భావనారాయణుడి ఊరివాళ్లం. స్థలపురాణం మీకు తెలిసిందే. మామా మేనల్లుళ్లు కాశీకి పోయారు. పిల్లనిస్తానని మామ అక్కడ మాటిచ్చాడు. ఊరికొచ్చాక నేనెప్పుడన్నానన్నాడు. అప్పుడు పిల్లవాడు మొరపెట్టుకుంటే, చూసిన స్వామి సాక్ష్యం చెప్పడానికి కాశీ నుంచి పొన్నూరు వచ్చాడు. ఆ తగవు మీద స్వామి కాశీలోనే కూర్చుని ఓ అభిప్రాయం పెట్టుకుని ఊరుకుంటే ఆ పిల్లవాడికి న్యాయం జరిగేదా? చూసినవాడు కదలాలి, నలుగురిలో నిలబడాలి, తన పేరు మీద చెప్పాలి. కాశీ నుంచి దేవుడు వచ్చిన ఊళ్లో మనం వీధి చివర వార్డు ఆఫీసుదాకా పోలేమా?

పోగలిగినవాళ్లు మన గడ్డ మీదే పుట్టారు. 1921–22లో మన పక్కనున్న పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి గారి వెంట రైతులు శిస్తు కట్టబోమని తెగేసి చెప్పారు. కరణాలు, మునసబులు ఉద్యోగాలు వదులుకున్నారు. శాంతిసేన అనే స్వచ్ఛంద దళం ఊరూరా తిరిగి శాంతి చెదరకుండా చూసుకుంది. దొరల ప్రభుత్వం జప్తులకు దిగింది, సైన్యాన్ని దించింది. తెల్లవాడి పాలన మీద ఆనాడు దేశమంతటా అభిప్రాయం ఉంది. పెదనందిపాడు రైతు ఆ అభిప్రాయానికి తన పొలాన్నీ గొడ్డునీ ఒడ్డాడు. అందుకే వందేళ్ల తర్వాత కూడా ఆ పేరు చెప్పుకుంటున్నాం.

నిడుబ్రోలులో 1900లో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో చదివొచ్చిన ఆచార్య ఎన్.జి.రంగా గారు 1930లలో సొంత ఊళ్లోనే రైతులకు రాజకీయ పాఠశాల పెట్టారు. నాగలి పట్టినవాడికి రాజకీయం ఎందుకని ఆయన అనుకోలేదు. వాడికే కావాలనుకున్నారు. 1936లో అఖిల భారత కిసాన్ సభ పుట్టినప్పుడు దాని ప్రధాన కార్యదర్శి మన నిడుబ్రోలు మనిషి.

ఇదంతా మగవాళ్ల కథ అనుకుంటారేమో. నెల్లూరు జిల్లా దూబగుంటకు పోదాం. రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు పాఠంలో తాగుబోతు మొగుడి కథ చదివారు. అయ్యో పాపం అని పుస్తకం మూసేయలేదు. ఇది మన ఇంటి కథే కదా అనుకున్నారు, లేచారు, ఊళ్లో సారా దుకాణం మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. సీరియల్‌లో కోడలి కష్టానికి కళ్లు తుడుచుకునే అమ్మలారా, మీ కన్నీళ్లకు ఎంత బలముందో దూబగుంట చూపించింది.

వినోదం చెడ్డదని అందుకే అనను. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు, ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి వీధుల్లోకి వచ్చారు. తెర మీద చూసి మురిసిన జనమే ఆ జోలెలు నింపారు. 1998లో చిరంజీవి బ్లడ్ బ్యాంకు పెడితే, కటౌట్లకు పాలు పోసిన అభిమానులే వరుసలో నిలబడి రక్తమిచ్చారు. తమ్ముళ్లూ, మీ హీరో గొప్పా, అవతలివాడి హీరో గొప్పా అన్న తగవు మీరెన్నాళ్లయినా పడండి, ఆ సరదా మీది. కానీ వచ్చే ఫ్లెక్సీ డబ్బుల్లో సగం తీసి మీ పేటలో చదువుకునే పిల్లలకు పుస్తకాలు కొనండి. వేటపాలెంలో 1918లో కొందరు యువకులు మొదలుపెట్టిన సారస్వత నికేతనం ఇవాళ పరిశోధకులు వెతుక్కుంటూ వచ్చే గ్రంథాలయమైంది. వాళ్లూ మీ వయసువాళ్లే.

ఇక మన పని.

మనం వరుసలో నిలబడలేనివాళ్లం కాదు. 2024 మే 13న ఎండలో నిలబడ్డాం, కొన్ని పోలింగ్ బూత్‌లలో అర్ధరాత్రి దాటేదాకా నిలబడ్డాం. రాష్ట్రంలో 81.86 శాతం ఓటు వేశాం. ఆ మర్నాటి నుంచి మాత్రం ఐదేళ్లకు సరిపడా సెలవు పెట్టేశాం. ఆ సెలవు రద్దు చేసుకుందాం.

అదే ఏడాది ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. మామిళ్లపల్లి, ములుకుదురు, బ్రాహ్మణకోడూరు సోదరులారా, ఈసారి సభకు చాటింపు వేస్తే ఇంటికొకరు రండి. దండలూ ఉపన్యాసాలూ అయ్యాక లేచిపోకండి. అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఏ రోడ్డు, ఏ కాలువ, ఎంత ఖర్చు అని అడగండి. తీర్మానం పుస్తకంలో రాయించండి, పైకి చదివించుకోండి, విన్నాకే సంతకం పెట్టండి. పట్నంలో ఉన్నవాళ్లం మన వార్డు పని మనం అడుగుదాం. నోటిమాటగా కాకుండా అర్జీ రాసి, రసీదు తీసుకుందాం.

లెక్క తెలియాలా? 2005 నుంచి సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో దరఖాస్తుకు రుసుం లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. ఒక టీ ఖరీదుకు చట్టం మన చేతికొచ్చింది.

ఫోన్‌లో వచ్చినదాన్ని మాత్రం కళ్లు మూసుకుని ముందుకు తోయకండి. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయన్న పుకారు ఊరూరా పాకి, తెలుగు నేల మీద కూడా అమాయకుల ప్రాణాలు తీసింది. ఆ తర్వాతే వాట్సాప్ ఒకేసారి 5 చోట్లకు మించి పంపకుండా కట్టడి పెట్టింది. కళ్లారా చూడనిదానికి సాక్ష్యం చెప్పడం అబద్ధపు సాక్ష్యం. అది పొన్నూరువాళ్లు చేయకూడని పని.

వాన కాలంలో నల్లమడ వాగు పొంగి పొలాల మీద పడితే, ఏ పార్టీ పొలమా అని చూసి ముంచదు. కాలువలో పూడిక ఏ కులం వీధిలో ఉన్నా దోమ అన్ని ఇళ్లకూ వస్తుంది. కాబట్టి ఈ పనికి జెండా అక్కర్లేదు, నాయకుడు వచ్చేదాకా ఆగక్కర్లేదు. పదిమంది ఉంటే పేట కదులుతుంది, పేటలన్నీ కదిలితే ఊరు కదులుతుంది.

రండి. రాత్రి ఎంతసేపైనా సినిమా గురించి వాదించుకుందాం, పొద్దున్నే అర్జీ పట్టుకుని కలిసి వెళదాం. అడిగింది రాయించుకుందాం, రాసింది చేయించుకుందాం, చేసింది సరిగ్గా ఉందో లేదో వెళ్లి చూసుకుందాం. ఇల్లు కదలని అభిప్రాయం ఒక్కటి కూడా ఇకమీదట మన ఊళ్లో ఉండకూడదు.