ఇంతకీ గాడిదేదీ?

కథ రాసేటప్పటి ఉత్సాహం గురించి చాలామంది చెబుతారు. రాసిన కథను నాలుగు రోజులు పక్కన పడేసి, మళ్ళీ ముందేసుకుని దిద్దేటప్పటి సరదా గురించి అంతగా చెప్పరు. అందులోనూ అది పిల్లల కోసం రాసిన కథైతే, ఆ సరదాయే వేరు.

పెద్దల కథ దిద్దుతుంటే లోపల ఏదో బెరుకు. విమర్శకుడు ఏమంటాడో, తోటి రచయిత ఏమనుకుంటాడో! పిల్లల కథ దగ్గర ఆ బాధ లేదు. కళ్ళముందు కనిపించేది ఏ ఏడేళ్ళ పిల్లో, అంతే. ఆ పిల్లకి మన పేరు తెలీదు, మన సన్మానాలతో పని లేదు. కథ బాగుంటే నోరు తెరుచుకుని వింటుంది. లేదంటే చాప అంచు పీకుతూ కూర్చుంటుంది.

కుమ్మరి గాడిద కథ ఒకటి రాశామనుకుందాం. మెడలో గంట పోగొట్టుకున్న గాడిద అది. మొదటి చిత్తులో ముందు ఊరొస్తుంది, తర్వాత చెరువు, చెరువు గట్టున రావిచెట్టు, దాని వెనక వాలుతున్న పొద్దు. అన్నీ ముచ్చటగానే ఉంటాయి. పైకి చదివితే గానీ అసలు సంగతి బయటపడదు. పేజీ తిరిగిపోయింది, గాడిద జాడ లేదు. చాప మీది పిల్ల ఊరుకుంటుందా? ‘ఇంతకీ గాడిదేదీ?’ అంటుంది.

సరే, రావిచెట్టు కొట్టేస్తాం. (పిల్లల కథలు రాసేవాళ్ళు కలంతో కొట్టేసిన చెట్లన్నీ మళ్ళీ నాటితే ఓ చిన్న అడవి అవుతుంది.) పొద్దునీ తీసేస్తాం. చెరువుని మాత్రం ఉంచుతాం, గంట పడింది అందులోనే కనక. ఇప్పుడు కథ ఇలా మొదలవుతుంది: కుమ్మరి గాడిద పొద్దున్నే లేచి తల ఊపింది. చప్పుడు కాలేదు.

అది చదువుకుంటే మనకే ముందుకు వెళ్ళాలనిపిస్తుంది. ఇక చెయ్యి ఆగదు. ‘గాడిద తీవ్ర విచారంలో మునిగిపోయింది’ అన్నచోట ‘గాడిద ఆ పూట గడ్డి ముట్టలేదు’ అని పెడతాం. కుమ్మరి కోపానికి రాసుకున్న మూడు వాక్యాలూ పోయి, ఆయన సారె పక్కనున్న కర్ర అందుకోవడం ఒక్కటే మిగులుతుంది.

చెయ్యి రానిది చివరి పేరా దగ్గరే. కుమ్మరి గాడిదను దగ్గరకు తీసుకుని చెప్పే నాలుగు మంచి ముక్కలు అక్కడ ఉంటాయి. పిల్లలకు ఏదో ఒకటి చెప్పకుండా ఎలా వదిలేస్తామని మన పెద్దరికం గింజుకుంటుంది. ధైర్యం చేసి కొట్టేశాక చూస్తే కథకు ఎక్కడా వెలితి కనిపించదు. నానిన మినప్పప్పు కడుగుతుంటే పొట్టు దానంతటదే పైకి తేలినట్టు, కథలో మన గొప్ప కోసం రాసుకున్నదంతా రెండు మూడు చదువుల్లో తేలిపోతుంది. నాలుగు పేజీలు రెండవుతాయి. పోయిన రెండు పేజీల మీదా బెంగ కలగకపోవడమే విచిత్రం.

ఈ పనిని ఏళ్ళ తరబడి చేసినవారు కొడవటిగంటి కుటుంబరావు. 1947 జులైలో మద్రాసులో మొదలైన చందమామలో ఆయన 1952లో చేరి, 1980లో కన్నుమూసేదాకా ఉన్నారు. ‘చదువు’ లాంటి నవల రాసిన చెయ్యి, ఎక్కడెక్కడి నుంచో పాఠకులు పంపిన రాజుల కథల్నీ రాక్షసుల కథల్నీ ముందేసుకుని తిరగరాసింది. తిరగరాశాక కూడా కథ కింద పేరు పంపినవాళ్ళదే. ‘ఇది నేను రాసిందేనా!’ అని వాళ్ళు ఆశ్చర్యపోయే ఉంటారు. అయినా ఆ సంచిక పట్టుకుని వీధంతా తిరిగే ఉంటారు.

బేతాళ కథల సంగతైతే మరీ సరదా. పాత గ్రంథంలో ఉన్నవి పాతికే. చందమామలో అవి వందలు దాటాయి. మామూలుగా ముగిసిపోయే ఏ కథలోనో ఒక అనుమానం దాగి ఉందని పసిగట్టాలి. దాన్ని శవంలోని బేతాళుడి నోట ప్రశ్నగా పెట్టాలి. విక్రమార్కుడు తడుముకోకుండా చెప్పే జవాబు పిల్లలకు ‘అవును కదా!’ అనిపించాలి. ఇది బరువనుకుంటే నెలనెలా మోయగలరా ఎవరైనా?

అమెరికా రచయిత ఇ.బి. వైట్ ‘షార్లెట్స్ వెబ్’ చిత్తును 1951 మొదట్లో పూర్తి చేసి, వెంటనే అచ్చుకివ్వకుండా పక్కన పెట్టేశారు. మళ్ళీ తీసి తిరగరాశాక 1952లో పుస్తకం వచ్చింది. పందిపిల్లకీ సాలీడుకీ స్నేహం ఆ కథ. ఎత్తుగడే ఆయన్ని తిప్పలు పెట్టింది. ఒకసారి సాలీడుతో మొదలుపెట్టారు, ఇంకోసారి పందిపిల్లతో, మరోసారి పశువుల కొట్టంతో. ఫెర్న్ అనే చిన్నపిల్ల తొలి చిత్తుల్లో లేనేలేదు. ఆఖరికి పుస్తకం ఆ పిల్లతోనే మొదలైంది: ఇంట్లో పొద్దుటి ఫలహారానికి సిద్ధమవుతుంటే, నాన్న గొడ్డలి పట్టుకుని ఎక్కడికి వెళ్తున్నాడని అడుగుతుంది. సాలీళ్ళ గురించి పుస్తకాలు తిరగేసి, దగ్గర కూర్చుని చూసి మరీ రాసిన మనిషి, మొదటి పేజీని సాలీడుకి కాకుండా ఓ పిల్లకి ఇచ్చేశారు. అలా ఇచ్చేసిన రోజున ఆయన ఎంత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారో!

మన ఇళ్ళలో అవ్వలు ఈ దిద్దుబాటును కాగితం కలం లేకుండానే చేశారు. పిల్లలు కొట్టే ‘ఊఁ’ వాళ్ళకు కొలత. ఊఁ నీరసపడితే రాక్షసుడు గుహలోంచి ఓ గడియ ముందే వచ్చేవాడు. ఊఁ మరీ భయంగా వినిపిస్తే వాడికి జలుబు చేసి తుమ్మేవాడు. అలాగని అన్ని మార్పులూ చెల్లేవి కావు. నిన్న ఎర్రగుర్రం అని ఇవాళ తెల్లగుర్రం అంటే పిల్లలు లేచి కూర్చునేవాళ్ళు.

ఏడు చేపల కథ అలా నలిగి నలిగి వచ్చిందే. ఎన్ని నోళ్ళలో తిరిగిందో, అందులో తీసేయడానికి ఇక ఒక్క మాట కూడా లేదు. గడ్డిమోపు అంటే ఏమిటో ఎరగని అపార్ట్‌మెంటు పిల్లలు కూడా దాన్ని చప్పున పట్టేస్తారు.

అయినా ఈ మధ్య తెలిసినవారింట్లో ఓ పిల్ల దానికీ దిద్దుబాటు పెట్టింది. ఎండని చేప సంగతి సరే, ఎండిన ఆరు చేపలూ ఏమయ్యాయి అని. రాజుగారి కొడుకులు కూర వండుకు తిన్నారని అవ్వ తప్పించుకోబోయింది. ‘మరి చేప ఎండని కొడుకేం తిన్నాడు?’ అని వెంటనే ఇంకోటి. ఆ ఇంట్లో ఇప్పుడు ఏడు చేపల కథ రెండో భాగం నడుస్తోంది. ఏడో కొడుకు అర్ధరాత్రి అన్నల వంటింట్లో దూరాడని నిన్నటి కబురు.