పాతది కొనుట మేలా? క్రొత్తది నిర్మించుట మేలా?

2023వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున హైదరాబాదులో హుస్సేన్ సాగర తీరమున విద్యుచ్ఛక్తితో నడచు పందెపు కార్లు పరుగిడినవి. అట్టి పందెమును చూచిన యువకునకు తానును కారు నడపవలెనను కోరిక కలుగుట సహజము. కోరిక వెంటనే ప్రశ్నయు పుట్టును. ఒకరు వాడిన పందెపు కారును కొనవలెనా? లేక చట్రము మొదలుకొని సమస్తమును స్వయముగా నిర్మించుకొనవలెనా? ఈ విషయమున మా యభిప్రాయమును చదువరులకు మనవి చేయుచున్నాము.

స్వయముగా నిర్మించుటయే ఘనమనియు, పాతది కొనుట సోమరుల పని యనియు పలువురు తలంతురు. మేమట్లు తలంపము. ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము అను సామెతలో కారును గూడ చేర్పవచ్చును. నిర్మింప బూనినవాడు ఇంజను వెలయు, చక్రముల వెలయు లెక్కించును గాని, గొట్టములు, మరలు, పనిముట్లు, పాడై మరల చేయవలసిన భాగములు అతని లెక్కకు రావు. నడుమ ధనమైనను ఓపికయైనను తఱిగిపోవును. సగము కట్టిన కారు కొట్టములో తుప్పు పట్టును. కట్టినవాడు ఒక్కనాడైనను పందెపు బాట నెక్కడు. పాత కారు అట్లు గాక, ఇదివరకే పరుగిడి తన గుణదోషములను బయలుపఱచినది. కొన్నవాడు ఆ మాసముననే నడుపుట నేర్వ మొదలిడవచ్చును.

న్యూజీలండు దేశస్థుడగు బ్రూస్ మెక్లారెన్ చరిత్రమును గమనింపుడు. అతడు బాలుడై యుండగా తండ్రి ఒక పాత ఆస్టిన్ సెవెన్ కారును విడి భాగములుగా కొని తెచ్చెను. తండ్రికొడుకులు దానిని బాగుచేసిరి. 1952లో బ్రూస్ ఆ కారుతోనే పోటీలలో ప్రవేశించెను. 1968లో బెల్జియము దేశపు గ్రాండ్ ప్రీ పందెమును తన పేరు గల కారులో గెలిచెను. ముందు పాతదానిని విప్పి కూర్చినవాడే పిదప క్రొత్తదానిని నిర్మించెను.

ఇంగ్లాండులో ఫ్రాంక్ విలియమ్స్ 1977లో తన క్రొత్త సంస్థను స్థాపించి, ఆ యేడు మార్చ్ అను కంపెనీవారి పాత కారుతో పందెములకు పోయెను. ఆ కారునకు ఒక్క పాయింటైనను రాలేదు. అయినను పందెములు మానక తిరుగుచుండగనే పాట్రిక్ హెడ్ అను ఇంజనీరు స్వంత కారును రూపొందించెను. ఆ కారు 1978లో బాట నెక్కెను. 1979లో సిల్వర్‌స్టోన్‌లో ఆ సంస్థకు మొదటి విజయమును, 1980లో ప్రపంచ విజేత పదవియు లభించినవి. పాత కారుతో గడపిన సంవత్సరము వ్యర్థమని యెవరనగలరు?

అయితే పాతదానిని కన్నులు మూసికొని కొనరాదు. చట్రపు అతుకులలో బీటలు గలవేమో, చక్రములను చట్రముతో కలుపు కడ్డీలు వంగినవేమో, తెలిసినవారిచే చూపించుకొనవలెను. నడుపువానిని ఆసనమునకు బంధించు పట్టీలకు గడువు తేదీ యుండును. గడువు దాటినచో క్రొత్తవి వేయింపవలెను. రంగు చూచి మోసపోయినవానికి పోవునది ధనము మాత్రమే కాదు, ప్రాణమును పోవచ్చును.

నిర్మాణము తప్పనిసరి యగు తావు ఒకటి కలదు. ఇంజనీరింగు కళాశాలల వారికై జరుగు ఫార్ములా పోటీలలో కారును విద్యార్థులే రూపొందించి నిర్మింపవలెను. అచ్చట పని పదిమందిది. గురువుల పర్యవేక్షణయు నుండును. అచ్చటను పూర్వవిద్యార్థులు విడిచిన కారును ముందుగా విప్పి చూచుట మేలు.

కావున బాలురారా, నిర్మింపవలెనను కోరికను విడువకుడు. దానికి ముందు పాతదానివద్ద శిష్యరికము చేయుడు. తలిదండ్రులారా, మీ కుమారుడు పాత యంత్రమును తెచ్చి వాకిట విప్పినచో కోపింపకుడు. విప్పినదానిని మరల కూర్చెనా లేదా యని మాత్రము తప్పక విచారింపుడు.