నిర్జల అమ్మోనియా రవాణా: విత్తే కాలపు సడలింపు

అమెరికా మొక్కజొన్న మండలంలో 82 శాతం నత్రజని గల నిర్జల అమ్మోనియాను పీడనంతో ద్రవీకరించి ట్యాంకర్లలో తరలిస్తారు. మైనస్ 33 డిగ్రీల సెల్సియస్ వద్దే మరిగే ఈ ద్రవం వెలువడితే కళ్లను, శ్వాసకోశాన్ని దహిస్తుంది. 2023 సెప్టెంబరు 29న ఇల్లినాయిలోని ట్యూటోపోలిస్ వద్ద జరిగిన ట్యాంకర్ దుర్ఘటనలో 5 మంది మరణించారు.

అక్కడ సరకు ట్రక్కు డ్రైవరు విశ్రాంతి లేకుండా 11 గంటలకు మించి నడపరాదు. విత్తే, కోత కాలాల్లో 150 ఎయిర్ మైళ్ల లోపు పొలాలకు ఎరువులు చేర్చేవారికి ఈ నిబంధన వర్తించదు. పదును దాటిపోతుందన్న రైతు ఆత్రుత సహేతుకమే. అయితే విత్తనపు సంచులు మోసేవారికిచ్చిన వెసులుబాటునే విషవాయువు మోసేవారికీ ఇవ్వడం అసమంజసం.

శరదృతువులోనే వేయిస్తే వసంతకాలపు రద్దీ తగ్గుతుంది. కానీ నేల 10 డిగ్రీలకు చల్లబడకముందు వేసిన అమ్మోనియా నైట్రేటుగా మారి వర్షాలకు కొట్టుకుపోతుంది. మొలకెత్తిన తరువాత సాళ్ల మధ్య కొంత మోతాదు వేయించే సిఫార్సు మేలు. పైరుకు అవసరమైనప్పుడే నత్రజని అందుతుంది, ట్యాంకర్లూ ఒకే వారంలో రోడ్డెక్కవు.