‘ఆన్ టు’ అర్థం లిస్టులో దొరకదు



పీటీఎంలో నన్ను ఎక్కువమంది అడిగేది ఒకటే. “మేడమ్, ఫ్రేజల్ వెర్బ్స్ లిస్ట్ ఒకటి ఇవ్వండి, రోజుకు పది చొప్పున చదివిస్తాం.” మీ శ్రద్ధ నాకు అర్థమవుతుంది. ఇంత ఫీజు కడుతున్నప్పుడు పిల్లలు తడుముకోకుండా ఇంగ్లిష్ మాట్లాడాలని కోరుకోవడం న్యాయమే. అయినా ఆ లిస్ట్ వల్ల ఉపయోగం తక్కువని నా అభిప్రాయం. ఎందుకో ఒక్క ఉదాహరణతో చెబుతాను.

“ది పోలీస్ ఆర్ ఆన్ టు హిమ్.” ఎయిత్ క్లాస్ పిల్లలకు ఈ వాక్యంలో తెలియని మాట ఒక్కటీ లేదు. అర్థం అడిగితే మాత్రం “పోలీసులు అతని మీదికి వెళ్తున్నారు” అంటారు. ‘ఆన్’ అంటే మీద, ‘టు’ అంటే కి అని పదానికి పదం పెట్టి చూస్తే వచ్చేది అదే. అసలు అర్థం వేరు: అతను చాటుగా చేస్తున్న పని పోలీసులు పసిగట్టారు.

సరే, ‘ఆన్ టు అంటే పసిగట్టడం’ అని లిస్టులో రాసుకుంటే సరిపోదా? సరిపోదు. ఇంగ్లిష్‌లో అనుమానానికి మెట్లున్నాయి. ఏ మెట్టు మీద ఏ మాట వాడాలో తెలియకపోతే అర్థం తారుమారవుతుంది.

మనం తెలుగులో అన్నిటికీ ‘అనుమానం’ అంటాం. దాన్నే పిల్లలు ‘డౌట్’ చేసేస్తారు. పెన్ను పోయిన పిల్లాడు “ఐ డౌట్ హి టుక్ మై పెన్” అన్నాడనుకోండి. వాడి మనసులో ఉన్నది “వాడే తీశాడని నా అనుమానం” అని. ఇంగ్లిష్‌లో దాని అర్థం “వాడు తీసి ఉంటాడని నేననుకోను” అని. అంటే ఎవరి మీద ఫిర్యాదు చేయాలనుకున్నాడో వాడినే వెనకేసుకొచ్చినట్టయింది! అక్కడ వాడాల్సిన మాట ‘సస్పెక్ట్’. “ఐ సస్పెక్ట్ హి టుక్ ఇట్” అంటే వాడే తీశాడనిపిస్తోంది, రుజువు మాత్రం లేదు అని.

‘ఆన్ టు’ దానికంటే ఒక మెట్టు పైన ఉంటుంది. ఇక్కడ ఊహ దాటిపోయింది, అవతలివాళ్ల ఎత్తు తెలిసిపోయింది. తెలిసిపోయిందన్న సంగతి చాలాసార్లు వాళ్లకు ఇంకా తెలియదు. ఈ తేడా చెప్పడానికి నేను క్లాసులో తెనాలి రామకృష్ణుడి కథ వాడతాను. పెరట్లో దొంగలు దాక్కున్నారని గమనించి, వాళ్లకు వినబడేలా “నగల పెట్టె బావిలో పడేద్దాం” అని భార్యతో అంటాడు. పెట్టెలో రాళ్లు నింపి బావిలో వేస్తాడు. దొంగలు రాత్రంతా నీళ్లు తోడతారు, తోట తడుస్తుంది. “రామకృష్ణా వాజ్ ఆన్ టు దెమ్” అని చెప్పగానే పిల్లల ముఖాలు వెలుగుతాయి. తర్వాత ఆ మాటకు అర్థం రాయించాల్సిన పని ఉండదు.

ఇంకో మలుపు కూడా ఉంది. ‘ఆన్ టు’ పక్కన మనిషి ఉంటే అనుమానం. ‘సంథింగ్’ ఉంటే చాలావరకు మెచ్చుకోలు. సైన్స్ ప్రాజెక్ట్‌లో మంచి ఆలోచన చెప్పిన అమ్మాయితో టీచర్ “యూ ఆర్ ఆన్ టు సంథింగ్” అంటే, నువ్వు సరైన దారిలోనే ఉన్నావు, ఇంకాస్త ముందుకెళ్లు అని. ఒక్క అర్థమే బట్టీ పట్టిన పిల్ల, మేడమ్ తనను అనుమానిస్తున్నారేమోనని చిన్నబుచ్చుకునే ప్రమాదం ఉంది.

ఎవరితో అంటున్నామన్నది కూడా ముఖ్యమే. ‘ఆన్ టు’ వాడుక మాట. సర్‌ప్రైజ్ పార్టీ ప్లాన్ చేస్తున్న అన్నాచెల్లెళ్లు “మమ్మీ ఈజ్ ఆన్ టు అస్!” అనుకుంటే ముచ్చటగా ఉంటుంది. అదే ప్రిన్సిపల్ గారికి రాసే లెటర్‌లో నప్పదు. అక్కడ ‘సస్పెక్ట్’ లాంటి మాటే మర్యాద. ఇన్ని సంగతులు ఒక లిస్టులో, ఒక గీతకు అటూ ఇటూ పట్టవు.

లిస్ట్ లేకుండా పిల్లలు నేర్చుకుంటారా అని సందేహిస్తే, మీ ఇంట్లోనే సాక్ష్యం ఉండవచ్చు. ‘అమాంగ్ అస్’ అనే వీడియో గేమ్ 2018లో వచ్చింది, 2020లో ప్రపంచమంతా ఆడింది. మనలో ఉన్న దొంగ ఎవరో కనిపెట్టడమే ఆట. ‘సస్పిషస్’కి కురచ రూపమైన ‘సస్’ అంతకుముందే ఉన్నా, ఎందరో పిల్లల నోట్లోకి వచ్చింది ఆ ఆటతోనే. ఎవరూ ఇంపోజిషన్ రాయించలేదు. ఎవరు, ఎవరిని, ఎందుకు అనుమానిస్తున్నారో కళ్లముందు కనిపించింది, మాట అతుక్కుపోయింది. గేమ్స్ ఆడించమని నేననడం లేదు. మాటకు సందర్భం కావాలంటున్నాను.

ఆ సందర్భాలు మీ దగ్గర పుష్కలంగా ఉన్నాయి, అదీ తెలుగులో. “పసిగట్టాడు”, “ఆరా తీశాడు”, “కూపీ లాగాడు”, “నీ వేషాలు నాకు తెలుసులే”. వీటిలో ప్రతిదానికీ వేరే రంగు ఉంది. ఈ తేడాలు ఇంట్లో విన్న పిల్లలకు ‘సస్పెక్ట్’కీ ‘ఆన్ టు’కీ ఉన్న తేడా చెప్పడం నాకు చాలా తేలిక. కొందరు పేరెంట్స్ ఇంగ్లిష్ పాడవుతుందని ఇంట్లో తెలుగు మాన్పించేస్తున్నారు. దయచేసి అలా చేయకండి. రెండు భాషల్లోనూ పొడి మాటలే తెలిసిన పిల్లలకు ఏ భాషలోనూ చురుకుదనం రాదు.

మీరు చేయగలిగినవి మూడు. వారానికి రెండు ఫ్రేజల్ వెర్బ్స్ చాలు, పది వద్దు. అర్థం అడగకండి, “ఇది ఎవరు ఎవరితో అంటారు?” అని అడగండి. ఆ సందర్భంలో మన తెలుగులో ఏమంటామో మీరే చెప్పండి. మీకు ఇంగ్లిష్ రాకపోయినా ఫర్వాలేదు, ఈ మూడో పనికి మీరే అసలైన టీచర్లు.

వచ్చే పీటీఎంలో “ఎన్ని వచ్చాయి?” అని కాకుండా “ఏది వాడుతున్నాడు?” అని అడగండి. జవాబు చెప్పడానికి నేను సిద్ధంగా ఉంటాను.